ఎడమకాలి మెట్టె

సీతారత్నానికి పేరంటమంటే ప్రాణం. పిలుపు రావడమే ఆలస్యం, పొయ్యి మీదున్నది దించేసి, జడలో ఇన్ని కనకాంబరాలు తురుముకుని బయల్దేరేది. శనగల కోసం కాదు, తాంబూలం కోసమూ కాదు. నలుగురాడవాళ్లు ఒకచోట చేరితే పుట్టుకొచ్చే కబుర్ల కోసం. ఎవరింట్లో ఏ కూర మాడిందో దగ్గర్నుంచి, ఏ తోడికోడళ్లకి మాటల్లేవో దాకా ఆవిడకి తెలియని సంగతి ఉండేది కాదు. అటువంటి మనిషి పేరంటాలకి వెళ్లడం పూర్తిగా మానేసిందంటే, మరి దానికి తగిన కారణమే ఉండాలి కదా.

కారణం ఎడమ కాలు.

చిన్నకూతురు అమ్ములు కడుపులో ఉన్నప్పుడు మొదలైంది. నెలలు నిండేటప్పుడు కాళ్లు వాయడం మామూలే, కాన్పయితే అదే పోతుందన్నారు. కాన్పయింది, కుడికాలి వాపు పోయింది. ఎడమకాలిది మాత్రం చుట్టపుచూపుగా వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నట్టు ఉండిపోయింది. అమ్ములు నాలుగో తరగతికి వచ్చినా అది కదల్లేదు. పొద్దున్న లేచేసరికి కాస్త తగ్గినట్టుండేది. వంటా వార్పూ, కొబ్బరి దింపుకి వచ్చినవాళ్లకి కాఫీలూ, పశువుల దగ్గర చాకిరీ అయ్యి పొద్దు వాలేసరికి తొడ దాకా బరువెక్కి, పిక్క బిగిసిపోయి, కాలికి నీళ్లబిందె కట్టుకుని ఈడుస్తున్నట్టుండేది.

కోనసీమలో కాలు వాస్తే డాక్టరు దాకా వెళ్లక్కర్లేదు. గుమ్మంలో నిలబడితే చాలు, వీధిలో పోయేవాళ్లే చెప్పేస్తారు బోదకాలని. చుట్టూ కాలవలు, కాలవలనిండా దోమలు, ఆ జబ్బుతో ఇక్కడివాళ్లది ఇవాళ్టి పరిచయం కాదు. ఏటా ఆరోగ్యకేంద్రం వాళ్లు ఇంటింటికీ వచ్చి, ఎదురుగా నిలబడి మరీ మాత్రలు మింగిస్తారు. పైగా సీతారత్నం ఇంట్లోనే సాక్ష్యం ఉంది. అత్తగారు పాపాయమ్మది అసలు సిసలైన బోదకాలు. కుడికాలు మోకాలి కింద నుంచి వేళ్ల దాకా మందంగా, గట్టిగా, మడతలు పడి ఉంటుంది. పెళ్లయిన కొత్తలో వచ్చింది, మనవరాళ్లు పుట్టినా పోలేదు.

కాబట్టి కోడలి కాలు వాచినప్పుడు ఎవరికీ అనుమానమే రాలేదు. రాత్రిపూట తీసిన రక్తంలో పురుగు కనపడలేదు. ముదిరిపోతే రక్తంలో కనపడదమ్మా అన్నారు. అది నిజమే, పాపాయమ్మ విషయంలో అలాగే జరిగింది. ఇంకేం, కనపడితే బోదకాలు, కనపడకపోతే ముదిరిన బోదకాలు. ఇక సీతారత్నం తప్పించుకునే దారేది?

మొదట్లో కొన్నాళ్లు ఆవిడ పేరంటాలకి వెళ్లింది. వెళ్లడానికి కొన్ని ఉపాయాలు కనిపెట్టింది. కుచ్చిళ్లు వేళ్లు కప్పేలా కిందికి దించి కట్టేది. ఇది అత్తగారు నేర్పిన విద్య. పసుపు రాసేవాళ్లు ఎదురుగా వచ్చి కూర్చోగానే, "ఇటివ్వమ్మా, నీకెందుకు శ్రమ, నేనే రాసుకుంటాను" అని గిన్నె లాక్కునేది. ఒకసారి ఒక కొత్తకోడలు ఆ అవకాశం ఇవ్వకుండా కుడికాలికి రాసేసి, ఎడమకాలు పట్టుకోబోయి, చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది. తీసుకుని, రెండు వేళ్లతో పైపైన అంటించి లేచిపోయింది. పాపం ఆ పిల్ల భయపడిందే తప్ప అవమానించాలని కాదు. కానీ సీతారత్నానికి ఆ వేళ్లు కాలికి తగల్లేదు, ఎక్కడ తగలాలో అక్కడ తగిలాయి. ఇంటికొచ్చి పెరట్లో కూర్చుని ఏడ్చింది. ఆ తరవాత ఎవరు పిలిచినా తలనొప్పే.

అలా ఊరందరి పేరంటాలూ పోయి ఒక్క పేరంటం మిగిలింది. సాయంత్రం పెరటి అరుగు మీద అత్తాకోడళ్ల పేరంటం. రెండు పీటలు, రెండు చెంబులు, ఒక సబ్బు. కాళ్లు శుభ్రంగా కడుక్కుని, వేళ్ల సందుల్లో తడి లేకుండా మెత్తటి గుడ్డతో ఒత్తుకుని, కాసేపు కాళ్లు ఎత్తు మీద పెట్టుకోమని ఆరోగ్యకేంద్రం వాళ్లు ఎప్పుడో నేర్పారు. పాపాయమ్మ అది వదిలేది కాదు, కోడల్ని వదలనిచ్చేది కాదు. ఆవిడది కుడి, ఈవిడది ఎడమ. "ఇద్దరికీ కలిపి ఒక మనిషికి సరిపడా మంచికాళ్లున్నాయి, చాల్లే" అని నవ్వేది పాపాయమ్మ. పెళ్లయిన కొత్తలో ఉప్పూ నిప్పూగా ఉన్న అత్తాకోడళ్లు ఆ అరుగు మీదే దగ్గరయ్యారు. అయినా సీతారత్నానికి, అవతల వీధిలో పేరంటానికి వెళ్తున్న ఆడవాళ్ల నవ్వులు వినపడితే, చేతిలో చెంబు ఆగిపోయేది.

ఇలా ఉండగా నిరుడు శ్రావణంలో పక్కింటి ఉమాదేవి దడి పక్కన నిలబడి కేకేసింది.

"రత్నం, నువ్వు రావాలే. మా కోడలు మంగళవారం నోము పట్టిందా, అయిదుగురు ముత్తయిదువులు కావాలా, రాజోలు నించి రావాల్సిన మా వదిన ఇప్పుడే ఫోన్ చేసి జ్వరమంటోంది. మొదటి ఏడు నోముకి నలుగురితో సరిపెట్టమంటావా?"

"తలనొప్పిగా ఉందొదినా."

"నీ తలనొప్పి నాకు తెలీదేంటి. అమ్మా, పాపాయమ్మత్తా, మీరైనా చెప్పండి."

పాపాయమ్మ కూడా ముత్తయిదువే. మావయ్యగారు నిక్షేపంలా ఉన్నారు, ఆ పూటే అప్పనపల్లి వెళ్లారు స్వామి దర్శనానికి. కానీ ఆవిణ్ణి పిలిచి పిలిచి ఊరు ఎప్పుడో మానేసింది. పిలవకపోవడం తప్పని అటు ఉమాదేవికీ తోచలేదు, ఇటు పాపాయమ్మకీ తోచలేదు.

"వెళ్లిరావే," అంది పాపాయమ్మ. "కొత్తపిల్ల నోము పాడవకూడదు."

ఆ కొత్తపిల్ల పేరు జ్యోతిర్మయి. ఉమాదేవి కొడుకు మురళీమోహన్ భార్య. కాకినాడ పిల్ల, డాక్టరు. అమలాపురంలో స్కానింగు సెంటర్లో పనిచేస్తుంది. రోజూ స్కూటీ మీద వెళ్లొచ్చే ఆ పిల్లకి నోముల సంగతి ఓనమాలు తెలియవు. పట్టుచీర కట్టుకుని, చెవి దాకా కాటుక పూసుకుని, పసుపు గిన్నె రెండు చేతులా పట్టుకుని, పరీక్షకి కూర్చున్న పిల్లలా బిక్కుబిక్కుమంటూ ఉంది.

సీతారత్నం అయిదో పీట మీద, గోడవారగా కూర్చుంది. ఎడమకాలు చీరలో దాచేసింది. తన వంతు రాగానే చెయ్యి చాపింది.

"ఇటివ్వమ్మా, నేను రాసుకుంటాను."

"వద్దు," అంది ఉమాదేవి దేవుడి గది లోంచి. "నోము పట్టినవాళ్లే రాయాలి. జ్యోతీ, రెండు కాళ్లకీ నిండుగా రాయమ్మా."

ఇంకేం చేస్తుంది? కళ్లు మూసుకుని కాలు చాపింది. చెయ్యి వెనక్కి పోతుందని ఎదురుచూసింది.

పోలేదు. జ్యోతిర్మయి పాదం ఒళ్లోకి తీసుకున్నంత పని చేసి, పసుపు నిండుగా పట్టించింది. చీలమండ పైన బొటనవేలితో అదిమి, వేలు తీసి, అక్కడ పడిన గుంటని చూసింది. గుంట కాసేపటికి గానీ పూడలేదు. పసుపు రాస్తూ రాస్తూ రెండోవేలి దగ్గరికొచ్చి, మెట్టెని అటూ ఇటూ తిప్పింది. అది సులువుగా తిరిగింది. మెట్టె కింది చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి పైకి లాగింది. అది మెత్తగా పైకి లేచింది.

సీతారత్నానికి ఒళ్లు మండిపోయింది. అందరిముందూ కాలు పట్టుకుని సంతలో కొబ్బరికాయని చూసినట్టు చూస్తోందేమిటీ పిల్ల?

"ఏంటమ్మా ఆ చూడ్డం?" అంది పళ్లబిగువున.

జ్యోతిర్మయి చుట్టూ ఉన్నవాళ్లని ఒకసారి చూసి, తల దించుకుంది. "ఏం లేదు పిన్నిగారూ. పసుపు సరిగ్గా అంటిందా లేదా అని."

వాయనం ఇచ్చింది. నోము కాటుక పెట్టింది. కాళ్లకి దణ్ణం పెట్టింది. సీతారత్నం శనగలు కొంగున కట్టుకుని ఎవరితోనూ మాట్లాడకుండా ఇంటికొచ్చేసింది.

ఆ సాయంత్రం అత్తాకోడళ్లు అరుగు మీద కాళ్లు కడుక్కుంటుంటే, దడి తలుపు తోసుకుని జ్యోతిర్మయి వచ్చింది. పట్టుచీర మార్చేసింది గానీ కాటుక ఇంకా అలాగే ఉంది.

"పిన్నిగారూ, అక్కడ అందరి ముందూ అడగడం బాగోదని ఊరుకున్నానండీ. మీ ఎడమకాలి మెట్టె ఎప్పుడైనా బిగిసిందా?"

"లేదు. ఏం?"

"ఇన్నేళ్లలో ఎప్పుడూ?"

"ఎందుకు బిగుస్తుంది? పెళ్లిలో పెట్టినవే. అరిగేయి గానీ బిగవలేదు."

జ్యోతిర్మయి పాపాయమ్మ వైపు తిరిగింది. "మామ్మగారూ, మరి మీ కుడికాలి మెట్టె?"

"నాకు మెట్టెక్కడిదమ్మా? వేలు బూరెలా ఉబ్బిపోతే కంసాలిని పిలిచి కోయించేం. మా అబ్బాయి బుచ్చిరాజు అప్పటికింకా పాకుతున్నాడు."

"అదేనండి నేను చెప్పేది," అంది జ్యోతిర్మయి, ఇద్దరి పాదాలూ పక్కపక్కన చూపిస్తూ. "బోదకాలైతే పాదం పైభాగం, వేళ్లు కూడా వాస్తాయండి. వేలి మొదట్లో చర్మం మందమైపోయి, పట్టుకుందామన్నా చేతికి రాదు. మామ్మగారిది చూడండి, అలాగే ఉంది. పిన్నిగారికి కాలంతా వాచింది గానీ వేళ్లు మామూలుగా ఉన్నాయి. మెట్టె తిరుగుతోంది. ఇన్నేళ్ల వాపైనా వేలు పెడితే ఇంకా గుంట పడుతోంది. ఇది రక్తం వెనక్కి వెళ్లడంలో ఏదో అడ్డం వచ్చిన వాపులా ఉంది. కచ్చితంగా ఇప్పుడే చెప్పలేను. రేపు మా సెంటరుకి రండి, చూద్దాం."

"రక్తంలో పురుగు కనపడకపోయినా, ముదిరితే కనపడదని అప్పుడే చెప్పేరమ్మా," అంది పాపాయమ్మ. గొంతు కొంచెం కటువుగా ఉంది. "నా కళ్లముందే వాచింది ఆ కాలు. నాకు తెలీదా?"

సీతారత్నం మెట్టెని తనూ ఒకసారి తిప్పి చూసుకుంది.

మర్నాడు బుచ్చిరాజు మోటారుసైకిలు మీద భార్యని అమలాపురం తీసుకెళ్లాడు. స్కానింగు గదిలో చల్లటి జిగురు పూసి జ్యోతిర్మయి యంత్రం నడిపింది. కుడితొడ దగ్గర పెట్టినప్పుడు లోపలి రక్తం చప్పుడు ఊపిరితో పాటు పెరుగుతూ తగ్గుతూ, ఏటి ఒడ్డున నీళ్లలా వినిపించింది. ఎడమవైపు పెట్టినప్పుడు ఊపిరితో సంబంధం లేకుండా ఒకే తీరున నీరసంగా గొణిగింది. తేడా వినడానికి డాక్టరే అక్కర్లేదు, గుమ్మం దగ్గరున్న బుచ్చిరాజుకి కూడా తెలిసింది.

"కాల్లో ఏం లేదు పిన్నిగారూ. రక్తం గడ్డకట్టలేదు కూడా. అడ్డం పైనెక్కడో ఉంది, పొత్తికడుపు లోపల. ఈ యంత్రానికి అంత లోపల సరిగ్గా కనపట్లేదు. రాజమండ్రిలో వరప్రసాదం గారని, రక్తనాళాల డాక్టరున్నారు. ఆయన దగ్గర సీటీ తీయించాలి."

"పొత్తికడుపులో అడ్డమంటే... గడ్డా?"

"గడ్డ అని నేననలేదండీ."

కాదని కూడా అనలేదు కదా. సీతారత్నం తిరుగు దారంతా భర్త చొక్కా గట్టిగా పట్టుకుని కూర్చుంది. బోదకాలైతే కనీసం తెలిసిన దెయ్యం, ఇదేమిటో తెలీదు. ఇంటికి రాగానే అమ్ములిని దగ్గరికి లాక్కుని జడ వేసింది, అప్పుడే వేసిన జడ విప్పి మరీ.

పాపాయమ్మ ఏమీ అడగలేదు. అసలు ఆ రోజునుంచీ ఆవిడ మాట్లాడటమే తగ్గించేసింది. సాయంత్రం పీటలు వేసేది, కాలు కడుక్కునేది, లేచిపోయేది. తన జోడు పోతోందని అత్తయ్యకి కష్టంగా ఉందేమోనని సీతారత్నం అనుకుంది. అనుకుని, కోపం తెచ్చుకోబోయి, తెచ్చుకోలేకపోయింది. ఒక్కత్తే ఆ అరుగు మీద కూర్చోవాలంటే తనకి మాత్రం కష్టం కాదా?

రాజమండ్రిలో వరప్రసాదం డాక్టరు బట్టతల మనిషి, నెమ్మదస్తుడు. తెర మీద బొమ్మ చూపిస్తూ, మొదట చెప్పవలసిన మాట మొదటే చెప్పాడు.

"గడ్డ లేదమ్మా. భయపడకండి."

సీతారత్నానికి ప్రాణం లేచివచ్చింది. బుచ్చిరాజు తలపాగా తీసి మొహం తుడుచుకున్నాడు.

"ఇది వెన్నెముక. దీని ముందునుంచి ఎడమకాలి రక్తం పైకి తీసుకెళ్లే నాళం వెళ్తోంది. దీని మీద నుంచి, కుడికాలికి రక్తం తెచ్చే నాళం అడ్డంగా దాటుతోంది. అందరికీ ఇలాగే దాటుతుంది. కొందరికి మాత్రం పైది కిందదాన్ని ఎముకకేసి మరీ గట్టిగా నొక్కేస్తుంది. మీకు ఇది మొదట్నుంచీ కొంత ఉండే ఉంటుంది. కడుపుతో ఉన్నప్పుడు ఒత్తిడి పెరిగి బయటపడింది. అందుకే ఎడమకాలు ఒక్కటే వాచింది."

బుచ్చిరాజు ముందుకి వంగి ఆ బొమ్మని తదేకంగా చూశాడు. ఏటా మురుగు దిగక వరిచేను మునిగి, డ్రైను పూడిక తీయించమని ఆఫీసుల చుట్టూ తిరిగే రైతు. ఆయనకి ఆ బొమ్మ ఎక్కడో చూసినట్టే అనిపించింది.

"ఆయ్. అర్థమైందండి. డ్రైను మీద నించి పంటకాలవ దాటించేరు. ఆ కట్టుబడి కుంగిపోయి కింద డ్రైనుని నొక్కేసింది. చేలోకి నీరు రావడానికి లోటు లేదు, పోడానికే దారి లేదు. మనం ఇన్నేళ్లూ చేలో ఎరువు మారుస్తూ కూచున్నాం."

వరప్రసాదం నవ్వాడు. "నేను ఎమ్మెస్ పిల్లలకి చెప్పినా ఇంత తొందరగా అర్థం కాదండీ."

"మరి అక్కడ గొట్టం దింపి తూర వేస్తారాండి?"

"తూరే. ముందు బుడగతో ఆ నొక్కుడు వెడల్పు చేసి, అక్కడ మళ్లీ మూసుకుపోకుండా జాలీ గొట్టం ఒకటి పెడతాం. స్టెంటంటారు. కొయ్యడం ఉండదు, సూది రంధ్రంలోంచే. ఎంత తగ్గుతుందో ముందే మాటివ్వలేను. చాలావరకు తగ్గాలి."

ఇంటికొచ్చాక బుచ్చిరాజు అరుగు మీద చెంబులో నీళ్లు ఒలకబోసి, వేలితో కాలవలు గీసి తల్లికి మొత్తం వివరించాడు. పాపాయమ్మ ఆఖరిదాకా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"అయితే ఇది దోమ కుడితే వచ్చింది కాదా?"

"దోమకీ దీనికీ సంబంధమే లేదంటమ్మా. లోపల కట్టుబడే అంత."

పాపాయమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది. కాసేపయ్యాక సీతారత్నం వెళ్లి చూస్తే, వంటింట్లో బియ్యం డబ్బా పక్కన కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది.

"అయ్యో, ఏంటత్తయ్యగారండీ? నాకేం కాదన్నారు కదా."

"నా దగ్గర్నించే వచ్చిందనుకున్నానే," అంది పాపాయమ్మ. "నన్ను కుట్టిన దోమే నిన్ను కుట్టిందని. మనిద్దరం ఒకే గదిలో పడుకున్నాం కదా, నువ్వు కడుపుతో ఉన్నప్పుడు. నా మంచం పక్కనే నీ మంచం వేయించుకున్నాను, రాత్రుళ్లు చూసుకోవచ్చని. నా జబ్బు నీకంటించేనని, నీ కాలు కడుగుతున్న ప్రతిసారీ అనుకునేదాన్ని. ఎవరితో చెప్పుకోను? ఆ డాక్టరమ్మ వచ్చి కాదంటే నమ్మబుద్ధి కాలేదు. నమ్మేక మళ్లీ అదే అంటే తట్టుకోలేనని నోరు మూసుకున్నాను."

సీతారత్నం అక్కడే నేలమీద కూర్చుండిపోయింది. తను పేరంటాలు పోయాయని ఏడ్చిన ఆ ఏళ్లన్నీ, పక్క పీట మీద ఈవిడ ఇంత బరువు పెట్టుకుని నవ్వించింది. ముద్దలు కలిపి పెట్టే ఆ చేతిని రెండు చేతుల్లోకీ తీసుకుంది. "అన్నం పెట్టమంటారాండి?" అంది. పాపాయమ్మ కళ్లు తుడుచుకుని పెట్టమంది.

వినాయకచవితి వెళ్లాక రాజమండ్రిలో చేయించారు. సీతారత్నానికి మత్తు కాస్తే ఇచ్చారు, తెలివిలోనే ఉంది. తెలివిలో ఉన్నాక ఆవిడ ఊరుకుంటుందా? పక్కనున్న నర్సుది కపిలేశ్వరపురమని, ఆ పిల్ల మేనమామ తమ తోడికోడలికి దగ్గరవాళ్లని, ఆ మేనమామ కూతురికి కొత్తపేటలో సంబంధం కుదిరి తప్పిపోయిందని తొడ దగ్గర సూది దిగేలోపే రాబట్టేసింది. నాళంలోకి సన్నటి తీగ వెళ్లింది, దాని వెంట లోపలినుంచే చూసే చిన్న స్కానరు వెళ్లింది.

"చూడండమ్మా," అన్నాడు వరప్రసాదం తెర చూపిస్తూ. "ఇదీ నొక్కుడు. గుండ్రంగా ఉండవలసింది చదునైపోయింది."

బుడగ ఉబ్బించినప్పుడు నడుం లోపల ఎవరో బొటనవేలు పెట్టి అదిమినట్టు నొప్పి వచ్చింది. "అక్కడేనాండి?" అని అడిగింది. "అక్కడే" అన్నాడాయన. ఆ నొప్పి ఆవిడకి ఎందుకో నచ్చింది. ఇన్నేళ్లుగా మోసిన దానికి ఒక చోటంటూ ఉందని తెలిసింది.

"ఇంతకీ ఆ కొత్తపేట సంబంధం ఎందుకు తప్పిందమ్మా?" అంది నర్సుతో, నొప్పి తగ్గగానే. డాక్టరు పని ఆపి మరీ నవ్వాడు.

రెండోరోజు ఇంటికి పంపించారు. రక్తం పలచబడే మాత్రలు ఇచ్చి, నెలల తరబడి మానకూడదన్నారు, దెబ్బలు తగలకుండా చూసుకోమన్నారు. అంతే, పాపాయమ్మ కత్తిపీట స్వాధీనం చేసుకుంది. కూరలు తరగడమంతా ఆవిడే, కోడలు చాకు ముట్టుకుంటే ఊరుకునేది కాదు. కాలికి వేసుకోమన్న బిగుతు మేజోడు మన ఉక్కకి చచ్చేంత చిరాకు. సీతారత్నం దాన్ని తిట్టుకుంటూనే రోజూ పొద్దున్నే తొడుక్కునేది.

వాపు ఒక్కసారిగా మాయమవలేదు. ముందు చర్మం ముడతలు పడింది. తరవాత సాయంత్రాలు తేలికయ్యాయి. దసరా దాటాక ఒకరోజు కాలు కడుక్కుంటుంటే, చీలమండ దగ్గర గట్టిగా ఏదో చేతికి తగిలింది. భయపడి చూసుకుంది.

"అత్తయ్యగారండీ, ఇదేంటో చూడండి."

పాపాయమ్మ వంగి చూసి పకపకా నవ్వింది. "నీ ఎముకే. మర్చిపోయేవా?"

మర్చిపోయింది, నిజంగానే. ఆ సాయంత్రం ఆ ఎముకని ఎన్నిసార్లు తడుముకుందో లెక్కలేదు. "ఇంక నీకెందుకే ఈ కడుక్కోడాలు, లే" అంటే మాత్రం లేవలేదు. "నా కాలు నేను కడుక్కుంటే మీకేంటండీ?" అని పీట ఇంకాస్త దగ్గరికి జరుపుకుంది.

ఈ ఏడు శ్రావణం వచ్చింది. సీతారత్నం ఊళ్లో ఒక్క పేరంటం వదల్లేదు. కుచ్చిళ్లు చీలమండ కనపడేలా ఎత్తి కట్టుకుని వెళ్లింది. సాయంత్రానికి ఎడమకాలు ఇప్పటికీ కాస్త నిండుగా ఉంటుంది, కానీ చెబితే గానీ తెలియదు. చెప్పడం కూడా ఆవిడే చెప్పేది, అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ, తూరతో సహా. వాపున్నవాళ్లెవరైనా కనపడితే చాలు, మెట్టె తిప్పి చూపించమనేది. జ్యోతిర్మయి నవ్వలేక చచ్చేది. "అలా మెట్టెతో తేల్చేయకూడదు పిన్నిగారూ, స్కాన్ చేయించుకోమని చెప్పండి చాలు" అనేది.

వరలక్ష్మీవ్రతం రోజు సీతారత్నం తనింట్లోనే పేరంటం పెట్టుకుంది. చాన్నాళ్ల తరవాత ఆ ఇంటి పేరంటమని వీధంతా వచ్చింది. హాలు నిండిపోయి గుమ్మం దాకా కూర్చున్నారు. పాపాయమ్మ అలవాటు ప్రకారం వంటింటి తలుపు చాటున కూర్చుని శనగలు పొట్లాలు కడుతోంది.

పసుపు గిన్నె పట్టుకుని వచ్చిన సీతారత్నం మొదటి పీట మీద ఎవరినీ కూర్చోనివ్వలేదు. వంటింటి గుమ్మం దగ్గరికెళ్లింది.

"రండత్తయ్యగారండీ."

"నేనెందుకే? వాళ్లకి కానీ."

"మీకు కాందే ఎవరికీ అవదు."

"పిచ్చిదానివా? నా కాలు..." అని గొంతు తగ్గించింది పాపాయమ్మ. "ఇంతమందిలో..."

"ఇంతమందీ మీరొచ్చేదాకా కూర్చోలేరండి, ఇళ్లకెళ్లి వంటలు చేసుకోవాలి. రండి."

చేయి పట్టుకుని తీసుకొచ్చి పీట మీద కూర్చోబెట్టింది. కబుర్లు ఆగిపోయాయి. ఉమాదేవి ఏదో అనబోయి, తన కోడలు జ్యోతిర్మయి మొహం చూసి మానేసింది. సీతారత్నం ఎదురుగా కూర్చుని, ముందు ఎడమ పాదానికి పసుపు రాసింది. తరవాత చీర అంచు కింద దాగిన కుడికాలిని రెండు చేతులా పట్టుకుని బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. రోజూ సాయంత్రం పక్కనే చూసే కాలు, తనకి ప్రతి మడతా తెలుసు. తొందరేమీ లేకుండా, మెట్టెలేని వేళ్ల దగ్గర్నుంచి మొదలుపెట్టి రాసుకుంటూ వచ్చింది. సగంలోనే గిన్నె ఖాళీ అయింది.

"ఈ కాలికి పసుపు చాలా పడుతుందే," అంది పాపాయమ్మ, ఎవరివైపూ చూడకుండా.

"పడనివ్వండి. అమ్ములూ, ఇంకో గిన్నె పసుపు తేవే."

జ్యోతిర్మయి తన పీట మీద నుంచి లేచి వచ్చి, రెండో గిన్నె అందుకుని పక్కన కూర్చుంది. ఎవరో శనగలు నములుతూ ఉక్కపోత గురించి మొదలుపెట్టారు, ఇంకెవరో అందుకున్నారు, హాలు మళ్లీ మామూలుగా గోలగా అయిపోయింది. సీతారత్నం పసుపు రాయడం అయిందనుకుని చేతులు తుడుచుకోబోయింది.

పాపాయమ్మ తనే చీర అంచు కాస్త పైకి లాక్కుంది.

"మడమ దగ్గర వదిలేసేవు," అంది. "అక్కడ కూడా రాయి."